ఆకు చప్పుడైతే సిక్స్

నా మడిమకూ తునికాకు కట్టకూ నడుమ జానెడు జాగా ఉన్నది. మైకుల చెప్పినప్పుడల్ల ఆ జానెడును నేనే మూరెడు చేసిన, తర్వాత బారెడు చేసిన. ఒకసారి బూర్గంపాడు దిక్కు టోర్నమెంటుల అయితే ఆ సందుల ఎడ్లబండిని మలుపుకోవచ్చని కూడా అన్న. జనం నవ్విండ్రు. ఇక్కడ మాత్రం జానెడే అని రాస్తున్న. నా బతుకుల పెంచకుండ తుంచకుండ చెప్తున్న కొలత ఇది ఒక్కటే.

అది మా అత్తగారి ఊరు. ఏన్కూరు దాటి లోపలికి పోతే అడవి మొదలయ్యే కాడ ఉంటది. ఎండకాలం ఆ ఊళ్లె రెండే పనులు. పొద్దుగాల తునికాకు కోసుడు, మాపటీలి క్రికెట్ ఆడుడు. పత్తి చేన్లు గడ్డలు గడ్డలు, మిర్చి చేన్లల్ల మోళ్లు. ఊరు మొత్తం మీద సాపుగ ఉన్నది ఒక్కటే జాగా, ఆకు కల్లం పక్కన బీడు. కల్లమంటే తెల్వనోళ్లకు చెప్త. అడవిల కోసుకొచ్చిన తునికాకును యాభై ఆకులకో కట్ట కట్టి, నేల మీద వరుసలు వరుసలుగ పరిచి ఎండబెడ్తరు. ఎండినంక అది బీడీలకు పోతది. కట్టలు తీసుకునుడు, తిప్పిచ్చుడు, కాపలా కాసుడు అన్నీ ఒక్కని పనే. ఆయనను కల్లేదారు అంటరు.

ఆ కల్లేదారు మా అత్తగారి ఊరోడే. నాకంటె ఇరవై ఏండ్లు పెద్ద. ఊరంత కాకా అంటది, నేనూ కాకా అనే అంట. ఆయన ఆకును కండ్లతోని చూడడు. వీపు తిప్పుకోని నిలబడ్తడు, వెనుక ఆడోళ్లు కట్టను నేల మీద పడేస్తరు, ఆ చప్పుడు విని చెప్తడు. "ఇంక రెండు ఎండలు కావాలె." "ఇది పనికొస్తది, బస్తాల పెట్టు." "ఇది నిన్నటి మంచుల తడిసింది, మల్ల తిప్పు." ఒక్క మాట తప్పు పోదని పేరు. పచ్చి ఆకు సుయ్యిమంటదట, ఎండినాకు గల్లుమంటదట. మనకు రెండూ ఒక్క తీరే వినబడ్తయ్.

ఆ ఏడు మా ఊరికీ అత్తగారి ఊరికీ ఫైనల్ పడ్డది. గెలిచినోళ్లకు పొట్టేలు. మూడు దిక్కుల సున్నం గీత పోసినం. నాలుగో దిక్కు గీత పొయ్యనీకి జాగా లేదు, ఆకు వరుసలు వచ్చినయ్. కల్లేదారు కాకా కట్టె పట్టుకోని పిచ్ నడుమకు వచ్చి షరతు పెట్టిండు.

"బాలు పడితే పడనియ్యి, ఆకుకు ఏం గాదు. మీ కాలు పడితే ఆకు పగుల్తది, కాంట్రాక్టరు నన్ను పగులగొడ్తడు. ముందటి వరుసనే మీ గీత. క్యాచ్ పట్టేటప్పుడు ఆకు చప్పుడైతే సిక్స్. అంపైరు నేనే."

"అంత దూరం నుంచి నీకు కనబడ్తదా కాకా?" అన్న నేను.

"కనబడుడెందుకురా, వినబడ్తది."

అందరం సరే అన్నం. ఆడుకోనీకి జాగా దొరికితే చాలు గదా.

ఆఖరు బాలు. వాళ్లకు అయిదు పరుగులు కావాలె. బ్యాటు పట్టుకోని ఉన్నది నా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు. నేను ఆకు వరుస ముందర నిలబడ్డ. నా వెనుక, వరుసకు ఆ పక్క, కట్టలు అప్పజెప్పనీకి వచ్చిన ఆడోళ్లు పదిమంది దాకా కూచున్నరు. బామ్మర్ది కండ్లు మూసుకోని కొట్టిండు. బాలు లేచింది. ఎంత పైకి లేచిందంటే, అది దిగేటి లోపల నేను ఒక బీడీ ముట్టిచ్చి సగం తాగి ఉండొచ్చు. అందరూ నోళ్లు మూసుకున్నరు. నేను ఒక్కడుగు వెనుకకు వేసిన, ముని కాళ్ల మీద లేచిన, రొమ్ము కాడ రెండు చేతుల్ల పట్టిన. పట్టినంక కదల్లే. కిందికి చూసుకున్న. జానెడు.

గప్పుడే గల్లుమన్నది.

కల్లేదారు కాకా రెండు చేతులు పైకి లేపిండు. సిక్స్.

నేను బాలు పట్టుకోని అక్కడి నుంచి పిచ్ దాకా ఉరికిన. "కాకా, నా కాలు తగల్లే. వచ్చి చూడు, నా పాదం గుర్తు మట్టిల ఇంక అట్లనే ఉన్నది." ఆయన రాలే. "ఆకు చప్పుడైంది" అన్నడు. అంతే. నేను నా పిల్లల మీద ఒట్టేసిన. గప్పుడు బామ్మర్ది బ్యాటు భుజం మీద పెట్టుకోని వచ్చి, అందరికీ వినబడేటట్టు అన్నడు:

"బావా, నీ కాలు తగల్లేదన్నది నిజమైతే, మీ బాయిల మొసలి ఉన్నదన్నది కూడా నిజమే కావాలె."

బీడంత నవ్వింది. మా టీమోళ్లు కూడా నవ్విండ్రు. మొసలి సంగతి నేనే చెప్పిన. రోజూ పొద్దున మోటరు ఆన్ చేస్తే అది పైపు కాడికొచ్చి పండ్లు తోముకుంటదని కూడా చెప్పిన. చిన్నప్పటి నుంచి నా పని గదే. నేను అబద్ధం చెప్తే జనం నవ్వాలె, అది నా గొప్ప. ఆ రోజు నేను నిజం చెప్పిన, అయినా నవ్విండ్రు. ఆ నవ్వు వేరు. అది ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది.

పొట్టేలును అదే దినం కోసిండ్రు. అల్లుణ్ణి గాబట్టి నన్ను కూచోబెట్టక తప్పదు. విస్తరి వేసిండ్రు. బామ్మర్ది బోటి వడ్డిస్తూ వంగి అన్నడు, "ఆకు చప్పుడు చెయ్యకుండ తిను బావా." పంక్తి పంక్తంత పొలమారింది. నేను తల వంచుకోని తిన్న. తింటూ తింటూ ఒక్కటే అనుకున్న: వీని సంగతి తర్వాత. ముందు ఆ కల్లేదారు నోటి నుంచి, జనం నడుమ, నా కాలు తగల్లే అనే మాట రప్పియ్యాలె.

మరుసటి ఏడు మోకాలు పోయింది, ఆట బంద్ అయింది. నేను మైకు సెట్టు కొన్న. బాక్సులు, ఆంప్లిఫయర్, రెండు హారన్లు, పెండ్లిళ్లకు కిరాయికి ఇస్త. క్రికెట్ టోర్నమెంట్లకు సెట్టుతోని నేనే పోయి కామెంటరీ చెప్త. మైకు కొన్నది బతుకుతెరువుకని మా ఇంట్ల అనుకుంటరు. కొంచెం అది కూడా నిజమే.

ఏ ఊళ్లె ఆడనియ్యి, గీత కాడ క్యాచ్ వస్తే చాలు, నేను మొదలుపెట్టేది. "అంపైర్ గారూ, జర ఆగుండ్రి, ఆకు ఏమన్నదో అడిగి చెప్పుండ్రి." తెల్వనోళ్లు అడుగుతరు, ఏంది ఆకు సంగతని. గప్పుడు మొత్తం చెప్పేది. ఒక ఊళ్లె చప్పుడు చేసింది తొండ. ఇంకో ఊళ్లె కోడి. ఒక కాడ అసలు ఆకే లేదు, కల్లేదారు పండ్లు కొరుక్కున్న చప్పుడది. పేరు చెప్పలే, ఆకుచెవి అని పెట్టిన. ఆకుచెవి అంపైరు. పిల్లలు అందుకున్నరు. ఇల్లందుల ఒక పెండ్లిల రెండో పంక్తి భోజనాలకు పిలువుమంటే కూడా, "వినబడనోళ్లు ఆకుచెవి తాతను అడుగుండ్రి" అని కలిపిన. అక్కడ ఎవ్వరికీ ఏం అర్థం కాలే. నాకు అర్థమైంది, చాలు.

ఆ పేరు నడుచుకుంట నడుచుకుంట కల్లం దాకా పోయింది. ఆడోళ్లు కట్ట కింద పడేసి, "కాకా, ఇది ఆకు చప్పుడేనా, మా కోడి నడిచిందా?" అని అడుగుడు మొదలుపెట్టిండ్రట. ఆయన అంపైర్‌గ నిలబడుడు మానేసిండు. ఆ సంగతి నా భార్య చెప్పింది, కొంచెం కోపంగనే. నాకు జాలి కలిగిందని రాస్తే మీరు నన్ను మంచోడనుకుంటరు. కలగలే. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తిన్న.

ఇట్ల పద్నాలుగు ఏండ్లు. బామ్మర్ది కూడా తక్కువోడు కాదు. ఏ కార్యానికి పోయినా నా విస్తరి కాడికి రాకుండ ఉండడు.

నిరుడు ఎండకాలం మల్ల ఆ బీడుల ఫైనల్ పడ్డది. మా ఊరు, అత్తగారి ఊరు. ఆడేది ఇప్పటి పిలగాండ్లు, సెట్టు నాది. ఒక ఇన్నింగ్స్ అయినంక విరామం. కల్లేదారు కాకా కల్లం అంచున స్టూలు మీద కూచోని ఉన్నడు, జుట్టు మొత్తం తెల్లబడ్డది. నేను ఈ రోజు కోసం వారం ముందు నుంచే సిద్ధంగున్న. మైకు చేతిలకు తీసుకున్న.

"ఇప్పుడు మీ ముందు చెవి పరీక్ష! మన ఆకుచెవి అంపైర్ గారికి కండ్లకు గంతలు. వెనుక నేను ఆకును తొక్కుత. అది కాలో కాదో ఆయన చెప్పాలె. వస్తడా, భయపడ్తడా?"

నా ఆలోచన గిట్ల: ముందు నాలుగైదు సార్లు కాలితోని తొక్కుత. తర్వాత చడీ చప్పుడు లేకుండ కూచోని, చేతితోని కట్టను కదిలిస్త. ఆయన కాలు అంటడు. అననియ్యి. గప్పుడు మైకుల అరుస్త: చూసిండ్రా, ఈయనకు చెయ్యేదో కాలేదో తెల్వదు, ఈయన చెవిని నమ్మి నా క్యాచ్ మింగిండ్రు!

కాకా స్టూలు మీది నుంచి లేచిండు. రాడేమో అనుకున్న, వచ్చిండు. బామ్మర్ది అడ్డమొచ్చిండు. "ఎందుకు కాకా, ఆయన సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు బిడ్డా. పద్నాలుగు ఏండ్లాయె. కట్టు టవలు."

పనికిరావని పక్కకు పడేసిన కట్టలు తెప్పిచ్చి ఒక వరుస పరిచిన. ఆయన కండ్లకు టవలు కట్టుకోని, పిచ్ అంత దూరం పోయి, వీపు ఇటు పెట్టి నిలబడ్డడు. జనం చుట్టూ మూగిండ్రు. నేను మైకు ఒక చేత పట్టుకోనే తొక్కిన.

"కాలు" అన్నడు.

ఇంకోసారి తొక్కిన. "కాలు. ఈసారి చెప్పు విడిసినవ్."

విడిసిన మాట నిజమే. ఎవరో ఈల వేసిండు. మూడోసారి వేళ్ల మీద నడిచిన.

"ముని కాలు."

నాలుగోసారి. "మడిమ. అదీ ఎడమది. నీ కుడి మోకాలు నొస్తది గదా, దాని మీద బరువు వెయ్యవు."

ఈలలు, చప్పట్లు. ఇగ కూచున్న. మోకాలు కటుక్కుమనకుండ కూచోనీకే సగం పానం పోయింది. చెయ్యి చాపి కట్టను మెల్లగ కదిలిచ్చిన. గల్లుమన్నది.

ఆయన తల కొంచెం వంచిండు. నా నోట్లె మాట సిద్ధంగ ఉన్నది, నాలుక చివర కూచోని ఉన్నది.

"ఇది కాలు గాదురా. చెయ్యి" అన్నడు. "కాలైతే ఆకు విరుగుతది. చేతికి ఒరుసుకుంటది, అంతే."

బీడు దద్దరిల్లింది. పిలగాండ్లు ఆయనను ఎత్తుకునేటట్టున్నరు. నేను ఆకుల నడుమ కప్ప లెక్క కూచోని ఉన్న. బామ్మర్ది నా మీదికి వంగి, "బావా, లేచి మైకుల తప్పైందని చెప్పు. చెవి చూసినవ్ గద?" అన్నడు.

చూసిన. లేవబోయిన. సగం లేచినంక తట్టింది. వారం దినాలు ఆలోచించినా తట్టని సంగతి, ఓడిపోయినంక తట్టింది.

మైకు పట్టుకోని ఆయన దగ్గరికి పోయిన. ముల్లు తీసేటప్పుడు ఎట్ల మాట్లాడ్తరో అట్ల, మెత్తగ అడిగిన.

"చెయ్యేనా కాకా? నికరంగ?"

"నికరం."

"ఒక్కసారి కూడ పొరపాటు పడవా?"

"కల్లంల దిగినప్పటి నుంచి పడలే."

"మరి ఆనాడు విన్నది కాలా, చెయ్యా?"

చప్పట్లు ఆగిపోయినయ్. కాకా టవలు విప్పిండు. వెలుతురుకు కండ్లు చికిలించి నా దిక్కు చూసిండు. కాలు అంటే, తగలని కాలును విన్న చెవి అబద్ధం. చెయ్యి అంటే ఆనాటి సిక్స్ అబద్ధం. ఆయనకు ఏది ఎక్కువనో నాకు తెలుసు.

"చెయ్యి" అన్నడు.

"మైకుల చెప్పు కాకా."

"చెయ్యి."

"నా కాలు తగిలిందా?"

"తగల్లే."

"ఆ చివరన చెట్ల కింద ఉన్నోళ్లకు వినబళ్లే."

"తగల్లే!"

"ఇంకొక్కసారి. హారన్ కొంచెం గరగరమంటున్నది."

"నీ కాలు తగల్లేదురా, తగల్లేదు, సరిపోయిందా?" అన్నడు. "రూలు ఏమని పెట్టిన? ఆకు చప్పుడైతే సిక్స్ అని. కాలు చప్పుడని అన్ననా? చప్పుడైంది, ఇచ్చిన. రూలు రూలే."

"చెయ్యని తెలిసి కూడా ఇచ్చినవ్."

"తెలిసే ఇచ్చిన."

బామ్మర్ది మొఖం ఉడకబెట్టిన వంకాయ లెక్క అయింది. నేను ఆ మొఖాన్ని చానాసేపు చూసిన. తొందర లేదు గదా. మా ఊరోళ్లు అరుస్తున్నరు, "ఔట్! ఔట్!" అని, ఇప్పుడే పట్టినట్టు. అక్కడితోని మైకు ఆపి ఇంటికి పోతే నా అంత మొనగాడు ఖమ్మం జిల్లాల ఉండకపోవు. కానీ పగ ఉన్నోనికి కడుపు నిండదు.

"ఎవరి చెయ్యి కాకా?"

"అది అడగకు."

"కండ్లు అంతంతే అయితే చెప్పు, వదిలేస్త."

"కనబడ్డది. అందుకే అడగకు అంటున్న."

"భయమా? ఎవరికి భయం? మైకు నా చేతిల ఉన్నది, నువ్వు చెప్పు..."

"ఆయననెందుకు సతాయిస్తవ్ అల్లుడా? నాది."

ఆడోళ్లు కూచున్న దిక్కు నుంచి వచ్చిందా మాట. మా అత్త లేచి నిలబడ్డది. కొంగు నడుముకు చెక్కుకోని, మెల్లగ నడిచి ముందరికి వచ్చింది. ఆమె ఎప్పుడూ నాతోని రెండు మాటల కంటె ఎక్కువ మాట్లాడదు. మైకు మూసెయ్యాలనే సోయి కూడా నాకు లేకుండ పోయింది.

"నువ్వు ఖమ్మం బస్సుల ఏమన్నవ్? మా అత్తగారింట్ల కోడికూర వండితే ముక్క దొరకాలంటే వల వెయ్యాలె అన్నవ్. అన్నవా, అనలేదా?"

"అది... ఎప్పుడో..."

"నీ వెనుక సీట్ల నా చెల్లె కూచోని ఉన్నది. ఆ మాట చుట్టాలందరికీ పాకింది. ఏ ఇంటికి పోయినా, వదినా వల తెచ్చినవా అనుడే. నా చేతి కూర మీద ఎవరైనా మాటన్నరా అంతకు ముందు? రెండేండ్లు ఓర్చుకున్న. ఆ రోజు నువ్వు మొఖం ఆకాశానికి పెట్టి నిలబడ్డవ్. నా కట్ట నా చేతి కాడనే ఉన్నది."

"అది కథ అత్తా, జర నవ్వుకోనీకి అన్న."

"నేనూ నవ్వుకోనీకే."

ఆ మాట నా బాక్సులల్ల, నా హారన్లల్ల, అడవి దాకా వినబడ్డది. ఇగ ఆ నవ్వు గురించి రాయను. ఆడోళ్ల దిక్కు మొదలైంది, మా ఊరోళ్ల దాకా వచ్చింది. ఎక్కువ నవ్వింది కల్లేదారు కాకా. స్టూలు మీద కూలబడి, అదే టవలుతోని కండ్లు తుడుచుకున్నడు. తర్వాత నా చేతిల మైకు ఆయనే తీసుకోని, "ఆనాటి క్యాచ్ ఔటే. ఆకుచెవి అనుడు ఈ దినంతోని బంద్. నీకు సమ్మతమేనా?" అన్నడు. నేను తల ఊపిన. మైకుల ఆ పేరు మల్ల ఎత్తలే. మైకు బంద్ చేసినంక ఏమంటున్ననో మైకుకు తెల్వదు గద.

మ్యాచ్ అయినంక అత్త కబురు పెట్టింది, తిని పోవాలని. పోకపోతే ఓడినట్టే, అందుకని పోయిన. దీపాలు పెట్టే యాళ్ల. నా పీట, బామ్మర్ది పీట, మా భార్యల పీటలు పక్కపక్కన. అత్త కోడికూర గిన్నె తెచ్చి నా ముందరనే పెట్టింది, వేరెవ్వరికీ వడ్డించకముందే. గంటె నిండ ముక్కలే వచ్చినయ్. పులుసు అన్నంల పోస్తే పోసిన కాడనే నిలబడ్డది. మిర్యాలు, కొత్తిమీర, కట్టెల పొయ్యి వాసన. నేను ఎన్నో ఊళ్ల పెండ్లిళ్లల్ల తిన్న, గసుంటి కూర ఎక్కడా తినలే. ఇది కూడా పెంచకుండనే రాస్తున్న.

"ఎట్లున్నదల్లుడా?" అన్నది అత్త.

బామ్మర్ది ముద్ద చేతిలనే ఆపిండు. నా భార్య నా మొఖం దిక్కు చూస్తున్నది. పక్కింటోళ్లు కూడా గోడ మీది నుంచి తలలు పెట్టిండ్రు. నేను ఏం చెప్తే అది రేపటికి చుట్టాలందరికీ పోతదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

ఇంకో ముద్ద కలిపిన. నమిలిన. తొందరపడలే.

"ఉప్పు సరిపోయింది" అన్న.